సారంగపాణి సీలింగు

మొండయ్య పేరు మీద నాలుగున్నర ఎకరాలు ఎక్కాయని చిలుకమ్మ నల్లా దగ్గర అన్నదట.

చిలుకమ్మ కళ్లారా చూసింది కాదు. ఆమె తమ్ముడికి తహసీల్ ఆఫీసు ఎదురుగా జిరాక్సు దుకాణం ఉంది. అతడు పెళ్లానికి చెప్పాడట, ఆమె ఫోనులో ఆడబిడ్డకు చెప్పిందట. అక్కడి నుంచి నల్లా దాకా వచ్చేసరికి చిలుకమ్మ తన వంతు కూడా కలిపింది. సారంగపాణి పటేలుకు మతి తప్పిందట. పాలేరు మొండయ్య పెండ్లాం కల్లులో మందు కలిపి తాపిందట. ఆ మందు దిగకపోతే పటేలు మిగిలిన భూమి కూడా రాసిచ్చి, తానే పోయి మొండయ్య గొడ్లు కాస్తాడట.

పెద్దకోడలు రమ ఇదంతా నిండు బిందెతో పాటు మోసుకొచ్చి, బిందె దించకుండానే అత్త ముందు కుమ్మరించింది.

కట్టమ్మ అప్పుడు కోళ్లగూటికి తాళం వేస్తున్నది. గూట్లో కోళ్లు లేవు. పెద్దకొడుకు కుమారస్వామి అన్నం ముందు నుంచి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా చేను దిక్కు పోయిన రోజు నుంచి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఆ గూట్లోకి చేరాయి. తాళంచెవి ఆమె పుస్తెలతాడుకు వేలాడుతున్నది. కోళ్లు గోడల మీద పడి తిరుగుతున్నాయి.

"బిందె దించవే ముందు. మెడ ఇరుగుతది."

"దించుత గానీ అత్తమ్మా, గిది నిజమేనా?"

"చిలుకమ్మ నోట్లకెళ్లి నిజమెప్పుడన్న వచ్చిందా? మొన్న నాకు జరమొస్తే నేను సచ్చిపోయిన్నని రఘునాథపల్లి దాక చెప్పింది. మా తమ్ముడు దండ పట్టుకొని వచ్చిండు."

"నిజమే," అన్నాడు గద్దె మీద నుంచి సారంగపాణి.

వేపపుల్ల నములుతున్నాడు. చెవులు మందగించి చాలా కాలమైంది గానీ తన పేరు ఉన్న మాట మాత్రం ఎంత దూరం నుంచైనా ఆయనకు వినబడుతుంది.

"మొండిగాని పేరు మీద ఎక్కింది నిజమే. నేనే ఎక్కించిన. కంటి ఆపరేషన్‌కు హన్మకొండ పోతాన అని చెప్పిన చూడు, ఆ దినం."

బిందె ఎట్లా దిగిందో రమకు తెలియలేదు. సగం నీళ్లు కాళ్ల మీదే పోయాయి.

ఇంట్లో నుంచి కుమారస్వామి వచ్చి గడపలో నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. పదవి పోయినా ఊరు ఇంకా సర్పంచ్ సాబ్ అనే పిలుస్తున్నది. ఆ పిలుపు వినబడినప్పుడల్లా అప్పులవాడు పిలిచినట్టే ఉలిక్కిపడుతున్నాడు.

"ఏ భూమి బాపూ?"

"రోడ్డు మీదిది."

"రోడ్డు మీదిది సోమారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నం గదా."

"పెట్టుకున్నం."

"హైదరాబాదోడు అడ్వాన్స్ ఇచ్చిండు. అది తీస్కపోయి అప్పు కింద తొర్రూరుల కిషన్ రావు చేతుల పెట్టిన. నువ్వు ఈడనే కూసోని సరే అన్నవు."

"అన్న. భూమి నాది గాబట్టి అన్న." సారంగపాణి వేపపుల్ల ఉమ్మేశాడు. "కాగితం మొండిగాని మీద ఉంటే ఉండనీ. సోమారం వాన్ని సుత బండిల ఎక్కించుకపోదాం. ఏలుముద్ర పెట్టమంటే పెడ్తడు. గింత దానికి అందరు గట్ల మొఖాలు పెడ్తిరేంది?"

"ఎందుకు రాసినవ్?" కుమారస్వామి గొంతు పెద్దది కాలేదు. ఇంకా చిన్నదైంది. "వానికెందుకు రాసినవ్ బాపూ?"

"సీలింగొస్తాంది."

ఎవరికీ అర్థం కాలేదు. కట్టమ్మ ఒక్కతే ముఖం ఎత్తి మొగుణ్ణి చూసింది. ఆమె ఈ ఇంటికి కొత్త కోడలిగా వచ్చేనాటికి ఆ మాట ఈ వాకిట్లోనే రోజూ వినబడేది.

"మీరు పుట్టలే అప్పటికి," అన్నాడు సారంగపాణి. చెప్పడానికి ఒక సందర్భం దొరికినందుకు ఆయన ముఖంలో చిన్న సంతోషం కూడా కనబడింది. "సీలింగొచ్చిన ఏడాది మనకు ఊర్ల సగం భూమి. గింత కంటే ఎక్కువ ఉండొద్దు, ఉంటే సర్కారు గుంజుకుంటదన్నరు. కొందరు కొడుకుల మీద, అల్లుండ్ల మీద రాసి దొరికిపోయిండ్రు. మా నాయిన మొండిగాని అయ్య కొమురయ్యను పిలిచి పన్నెండెకరాలు వాని పేరు మీద పెట్టిండు. ఆఫీసర్లు వచ్చి చూసి పోయిండ్రు. లొల్లి సల్లబడ్డంక మల్ల మన పేరు మీదికి వచ్చింది. కొమురయ్య గింత సప్పుడు చెయ్యలే. సీలింగప్పుడు ఇంటోని మీద పెట్టొద్దు. బయటోని మీద పెట్టాలె. మీ సదువుల్ల గిది చెప్పరు."

"ఇప్పుడు ఏ సీలింగ్ బాపూ? మనకున్నదే తొమ్మిదెకరాలు! ఎవడు చెప్పిండు నీకు?"

"టీవీల చెప్తాండ్రు గదా రోజు. సీలింగ్ దాటింది, సీలింగ్ దాటింది, ఇగ కోతలే అని. టీవీని నమ్మక నేను భానును సుత అడిగిన. సర్కారు నౌకరి చేసేటోడు అబద్ధం చెప్తడా?"

కుమారస్వామి గడప మీద అట్లాగే కూర్చుండిపోయాడు.

*

చిన్నకొడుకు భానుచందర్‌ది ట్రెజరీలో ఉద్యోగం, మడికొండలో కొత్త ఇల్లు. వదిన ఫోను చేసి ఏడ్చిన గంటకల్లా కారు వాకిట్లో ఆగింది. దిగుతూనే తండ్రి దగ్గరికి పోయి, చెవి దగ్గర వంగి అడిగాడు.

"నేనెప్పుడు చెప్పిన బాపూ భూమికి సీలింగొచ్చిందని?"

"ఫోన్ల చెప్పలే? అన్న కట్టిచ్చిన పనుల బిల్లు ఏమాయెరా అని అడిగిన. సీలింగ్ దాటింది బాపూ, ఇప్పట్ల కాదు అన్నవ్. ఎవలు దాటిండ్రురా అన్న. మనమే దాటినం అన్నవ్."

భానుచందర్‌కు గుర్తొచ్చింది. ఆఫీసుకు ఆలస్యమవుతుంటే ఒక చేత్తో ఇడ్లీ తింటూ మాట్లాడాడు. మనమే దాటినం. అన్నాడు, నిజమే.

"మనం అంటే మనం గాదు బాపూ! సర్కారు!"

"సర్కారును మనం అంటరారా?"

"ఆఫీసుల గట్లనే అంటం."

"నీ అవ్వ, ఆఫీసు మాట ఇంట్ల ఎందుకు మాట్లాడినవ్ మరి?"

భానుచందర్ నుదురు రుద్దుకున్నాడు. ట్రెజరీ కిటికీ దగ్గర ఎంతమందికో చెప్పిన సంగతి, కన్నతండ్రికి చెప్పడానికి మాటలు వెతుక్కున్నాడు.

"చూడు బాపూ. దేశం ఇంత కంటే ఎక్కువ అప్పు చెయ్యొద్దని ఒక గీత ఉంటది. రాష్ట్రం ఏడాదికి ఎంత తెచ్చుకోవాల్నో ఢిల్లీ ఇంకో గీత గీస్తది. గీత దాక తెచ్చినంక కొత్త అప్పు పుట్టది. ఉన్న పైసలు పాత అప్పుల మిత్తికి, జీతాలకు, పింఛన్లకు పోతయి. మిగిలిన ఖర్చంత కోస్తరు. అన్న బిల్లు ఆగింది గందుకే. ఆ గీతనే సీలింగ్ అంటరు. భూమిది గాదు."

"మరి భూమిదాన్ని ఏమంటరు?"

"దాన్ని సుత సీలింగే అంటరు."

"మరి?" అన్నాడు సారంగపాణి, గెలిచినట్టు.

కుమారస్వామి నవ్వాడు. ఆ నవ్వు విని రమ వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. చాలా రోజులైంది ఆయన నవ్వి. ఆ నవ్వు ఆగకపోతుంటే ఆమెకు భయమేసింది.

"మంచిగున్నది భానూ," అన్నాడు కుమారస్వామి కళ్లు తుడుచుకుని. "సర్కారు అప్పుకు గీత ఉన్నది. నేను ఊరికి సీసీ రోడ్డు పోయించినప్పుడు, మోరీలు కట్టించినప్పుడు, వల్లకాట్ల వైకుంఠధామం లేపినప్పుడు నాకు ఎవడన్న గీత గీసిండా? ఇంకింత తే, ఇంకింత తే, ఫలానా తారీఖు లోపల కట్టకపోతే సస్పెండ్ చేస్తమన్నరు. కిషన్ రావు సిమెంటిచ్చిండు, సీకులిచ్చిండు, పైసలిచ్చిండు. బిల్లు పెట్టిన. నీ ట్రెజరీల టోకెన్ నంబరు పడ్డది. ఇగ వచ్చినట్టే అన్నవు నువ్వే."

"టోకెన్ పడ్డదన్నా. పైనుంచి పైసలు ఇడుస్తలేరు. నేనేం చెయ్యాలె? కంప్యూటర్‌ల నీ బిల్లు రోజు చూస్తాన. మూణ్ణెల్లకోసారి కొత్త అప్పుకు పర్మిషన్ వస్తది. వచ్చినప్పుడు జర..."

"వచ్చినప్పుడు ముందు నీ జీతం పడ్తది."

"నా డీఏలు సుత ఆగినయన్నా!"

"డీఏ ఆగితే మీ ఇంట్ల సుత కోళ్లగూటికి తాళమేసిండ్రా భానూ?" అన్నది రమ.

భానుచందర్ గూటి వైపు చూశాడు. తాళం చూశాడు. తర్వాత తల్లి మెడలో తాళంచెవి చూశాడు. కట్టమ్మ కొంగు సర్దుకుని తాళంచెవి కప్పుకుంది.

"మనం అన్నడట," అన్నాడు కుమారస్వామి మెల్లగా. "ఒకటో తారీఖుకు జీతం పడేటోనికి సర్కారు మనమే. నాకెవడ్రా సర్కారు?"

అన్నం వడ్డించిన పళ్లెంలో అట్లాగే ఆరిపోయింది. కట్టమ్మ తిరిగి కుండలో పోయలేదు. తింటారేమోనని చూస్తూ కూర్చుంది.

చివరికి భానుచందరే లేచాడు. "మొండయ్య తానే వచ్చి మల్ల రాసిచ్చేదాక ఆ భూమి మనది గాదు. గిఫ్ట్ డీడ్ అది. మనంతట మనం రద్దు చేసుకునేతందుకు రాదు. పోదాం పారి, మాట్లాడుదాం. ఎక్కడున్నడు?"

"యాడుంటడు?" అన్నాడు సారంగపాణి చేతికర్ర అందుకుంటూ. "చేన్ల ఉంటడు. నా చేన్ల."

కారులో కిషన్ రావు ఫోను వచ్చింది. కుమారస్వామి ఫోను ముట్టకపోవడం చూసి భానుచందర్ తానే తీసి స్పీకర్ మీద పెట్టాడు. కిషన్ రావు ఎప్పుడూ గొంతు పెంచడు.

"తమ్మీ కుమారస్వామీ, తిన్నవా? సోమారం మాట సోమారమే గదా. నేనేం ఫికర్ చేస్తలేను తమ్మీ. మా బామ్మర్దే జర తొందరపడుతాండు. నువ్విచ్చిన చెక్కులు తీసుకొని వకీలు కాడికి పోతనంటే నేనే ఆపిన. సోమారం దాక ఆగుమన్న. ఇంటికాడ అందరు మంచిదేనా? ఉంట మరి."

కట్టమ్మ వెనక సీట్లో కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు జాతరకు తీసుకుపోయినప్పుడు పట్టుకున్నట్టు, మణికట్టు దగ్గర.

*

హైదరాబాదు మనిషి పాతించిన హద్దురాళ్లు చేనులో లేవు. ఎర్రరంగు పూసిన ఆ రాళ్లన్నీ పీకి, రోడ్డు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. తొలకరి పడి రెండు రోజులైంది. మొండయ్య ఎడ్లతో అచ్చు తోలి చేనంతా గీతలు పెడుతున్నాడు. వెనకే ఆయన భార్య సమ్మక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గీతల వెంట వంగి పత్తిగింజలు పెడుతున్నారు.

కారు చూసి మొండయ్య ఎడ్లను ఆపాడు. గట్టు దాకా వచ్చాడు. తలగుడ్డ విప్పలేదు.

"ఏం జేస్తానవ్‌రా మొండిగా?" అన్నాడు సారంగపాణి.

"పత్తి పెడ్తాన పటేలా."

"ఎవని పత్తిరా?"

"నాదే."

సారంగపాణి కొడుకుల వైపు తిరిగి, వీడు సరదా ఆడుతున్నాడన్నట్టు నవ్వాడు. "సరే పెట్టు. సోమారం పొద్దుగాల తానం చేసి తయారుండు. ఆఫీసుకు పోవాలె. ఏలు పెట్టేదున్నది."

"ఏ ఏలు పటేలా?"

"మొన్న పెట్టినవ్ చూడు, గదే."

"అది తీసుకునేతందుకు పెట్టిన. ఇచ్చేతందుకు పెట్ట."

ఎద్దు మెడలో గంట మోగి ఆగింది. సమ్మక్క నడుము నిటారుగా చేసి ఇటు చూసింది. మళ్లీ వంగలేదు.

భానుచందర్ ముందుకొచ్చాడు. "మొండయ్యా, నువ్వు తెలివిగల్లోనివి. బాపు ఒక మాట ఇంకో తీరుగ ఇని పొరపాటు చేసిండు. దాన్ని పట్టుకొని నువ్వు భూమి నాదంటే మోసం కేసు అయితది. పోలీస్ స్టేషన్, కోర్టు..."

"నేనేం మోసం చేసిన సారూ? పటేలు రమ్మన్నడు, పోయిన. కూసో అన్నడు, కూసున్న. ఆఫీసుల సారు చదివి ఇనిపిచ్చిండు. ప్రేమతోని, అభిమానంతోని ఇస్తానని రాసున్నది. పుట్టినకాడికెళ్లి పటేలు ఇంట్ల పని చేసిన, ఆయనకు నా మీద ప్రేమున్నదని నాకు ఆ దినమే తెలిసింది."

సమ్మక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో గట్టు మీద నుంచి తెలియలేదు.

కుమారస్వామి చేనులోకి దిగాడు. బురద చెప్పులు పట్టి లాగితే వాటిని అక్కడే వదిలేశాడు. "మొండయ్యా, నా దిక్కు చూడు. ఊరికోసం చేసిన్నే, నాకోసం గాదు. సర్కారు బిల్లు ఇస్తలేదు. కిషన్ రావు చెక్కులు కోర్టుల ఏస్తడు. సోమారం ఇది అమ్ముడుపోకపోతే నాకు మంగళారం లేదు."

"ఎరుకే సర్పంచ్ సాబ్. వైకుంఠధామంల ఇటుకలు మోసింది నేనే గదా. దాని కూలి నువ్వు నాకింక ఇయ్యలే. అడిగిన్నా?"

మొండయ్య సమ్మక్క వైపు చెయ్యి చూపాడు.

"ఈమె బడిల పిల్లగాండ్లకు వండి పెడ్తది. కోడిగుడ్లు ఉద్దెర తెచ్చి పెట్టింది. ఆ పైసలు ఇంక రాలే. బడి పెద్దసారును అడిగితే సర్కారుకాడ లేవన్నడు. నువ్వు అదే అంటానవ్. ట్రెజరీల ఈ చిన్నసారును అడిగితే పైనుంచి రాలేదంటడు. అందరు తలా ఇంత జరుపుకుంట జరుపుకుంట వచ్చి, ఆఖరుకు నా ఏలుకాడ ఆగిండ్రా?"

"మొండన్నా," అన్నాడు కుమారస్వామి.

ఆ ఇంట్లో ఎవరూ మొండయ్యను అట్లా పిలిచింది లేదు. గట్టు మీద సారంగపాణి చేతికర్ర నేలకు గట్టిగా కొట్టాడు.

"వాన్ని అన్నా అంటానవేందిరా! నువ్వు పక్కకు జరుగు, నేను మాట్లాడుత. ఒరేయ్ మొండిగా, మీ అయ్య పేరు మీద పన్నెండెకరాలుండె. మా నాయిన అడగంగనే తెచ్చి చేతుల పెట్టిండు. ఒక్క మాట అనలే. గంత ధర్మాత్మునికి పుట్టి గిదేం బుద్ధిరా నీకు?"

"అనలే పటేలా. మీ ముంగట అనలే. ఇంట్ల రోజు అనుకుంటనే సచ్చిండు."

వినబడలేదేమోనని భానుచందర్ తండ్రి వైపు చూశాడు. వినబడింది.

హైవే మీద లారీలు పోతున్న హోరు దూరంగా వస్తున్నది. కుమారస్వామి బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎప్పుడు కూర్చున్నాడో ఎవరూ చూడలేదు. తడిమట్టి పిడికిట పట్టి, వదిలి, మళ్లీ పడుతున్నాడు.

కట్టమ్మ గట్టు దిగింది. కొడుకును లేపలేదు. ఆయనను దాటి మొండయ్య ముందుకు వచ్చి నిలబడింది. మెడలో తాళంచెవి ఇప్పుడు బయటికే ఉంది.

"మొండీ, నేను నీకు గట్క పోసిన. నీ పిల్లలకు జరమొస్తే నా కాడికే తెచ్చినవు. ధర్మం, న్యాయం నేనేం అడుగుతలేను. నా కొడుకు బతకాలెరా. గంతే."

మొండయ్య ఆ తాళంచెవిని చూశాడు. అది దేనిదో ఊరంతటికీ తెలుసు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"కొడుకు బతకాలె అవ్వా. నేను వద్దంటలేను. మీకింక నాలుగున్నర ఉన్నది గదా, బాయికాడిది. అది అమ్మి బతికిచ్చుకోండ్రి."

"దానికి తొవ్వ లేదు, ఎవడు కొంటడు?" అన్నాడు భానుచందర్. "కొన్నా సగానికి సగం తక్కువకే."

"ఇది లేకపోతే మీరు అదే అమ్ముదురు గదా సారూ."

భానుచందర్ అన్న వైపు చూశాడు. అన్న తల ఎత్తాడు. ఆ మాట తమ ఇంట్లో ఒక్కరికీ ఇంతవరకూ తట్టలేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

సారంగపాణి కర్ర ఊనుకుంటూ గట్టు అంచు దాకా వచ్చాడు. కర్ర మెత్తటి మట్టిలో దిగబడుతుంటే లాగుతూ, మళ్లీ ఊనుతూ వచ్చాడు. ఇప్పుడాయన గొంతులో పటేలుతనం లేదు. ముసలితనం ఒక్కటే ఉంది.

"అది సుత అమ్మితే ఇగ మాకు గుంట భూమి ఉండదురా మొండయ్యా. మేమెట్ల బతకాలె?"

"మేం బతికినట్టే, పటేలా."